కుక్క కరిచినవాడి వంశం

మెలాంతస్ అలెగ్జాండ్రియాలో ఏళ్ల తరబడి నక్షత్రాల చదువు చదివి మా కియోస్ ద్వీపానికి తిరిగొచ్చిన రోజున రేవులో అతన్ని పలకరించినవాడు ఒక్కడే, ఉప్పుచేపలు అమ్ముకునేవాడు. "ఏం తెచ్చుకున్నావు?" అని అడిగాడు. మెలాంతస్ పెట్టె తెరిచి, ఒకదానిలో ఒకటి తిరిగే కంచు వలయాలు చూపించి, ఏ చుక్క ఎక్కడుందో వాటితో కొలవచ్చునని చెప్పాడు. చేపలవాడు వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కరిగిస్తే రెండు బిందెలవుతాయి," అని గంప ఎత్తుకుని వెళ్లిపోయాడు.

ఊరు కూడా అతన్ని అలాగే చూసింది. నక్షత్రాల పంతులని పేరు పెట్టింది. భార్య ఫనో మగ్గం మీద కూర్చుని ఇల్లు నడిపేది. ఆమెకు నోరెక్కువ. "ఆకాశంలో ఉన్నవన్నీ లెక్కపెట్టావు, గాదెలో ఏముందో కూడా ఒకసారి చూసి రావయ్యా," అనేది. ఆమె అంటే అతను నవ్వేవాడు. బయటివాళ్లు నవ్వితే మాత్రం ఓర్చుకోలేకపోయేవాడు. రాజుగారి గ్రంథాలయంలో పెద్దపెద్దవాళ్ల పక్కన కూర్చుని చదివిన తనను, మేకల ఊరివాళ్లు ఎగతాళి చేయడం అతనికి గోరుచుట్టు మీద దెబ్బలా ఉండేది.

చివరికి సభవారు అతనికొక పని అప్పగించారు. ఎండాకాలం మధ్యలో, సూర్యుడికి కాస్త ముందుగా కుక్క నక్షత్రం తూర్పున మొదటిసారి పొడిచే వేకువన మా ద్వీపంలో మగవాళ్లంతా బల్లేలూ డాళ్లూ పట్టుకుని కొండెక్కుతారు. చుక్క తేటగా పొడిస్తే ఆ ఏడు ఆరోగ్యం. మసకగా పొడిస్తే జ్వరాలు, ఎండిన తోటలు. ఏ రోజున పొడుస్తుందో ముందే లెక్కగట్టడం, పొడిచాక తేటో మసకో అందరికీ వినబడేలా పలకడం మెలాంతస్ పని. అది సముద్రం మీది ఆవిరిని బట్టి ఉంటుందే గానీ రాబోయే కాలంతో దానికి పొత్తు లేదని మొదటి ఏడు అతను చెప్పి చూశాడు. "అలాగైతే నీకు జీతంగా బార్లీ ఎందుకు కొలవాలి?" అన్నారు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

చుక్కలు చూడటానికి అనువైన కొండ ఊరికి పైన ఉంది. అది పోరిస్ అనే మేకల కాపరిది. తాతల నాటి రాతిగుడిసె, దాని వెనక ఒక ఊట, ఊట కింద కొద్దిపాటి పచ్చిక. పోరిస్‌కు మిర్తో అని పెళ్లీడుకొచ్చిన కూతురు. భార్య లేదు. మెలాంతస్ తన వలయాలు పెట్టుకోవడానికి పోరిస్ గుడిసెలో ఒక మూల ఖాళీ చేసి ఇచ్చాడు. చలికాలంలో గొర్రెతోలు కప్పేవాడు. మిర్తో వేడిపాలు తెచ్చి పక్కన పెట్టి, "పెదనాన్నా, చల్లారిపోతే మళ్లీ కాచను," అని బెదిరించేది.

ఆ గుడిసెలో కుక్క లేకపోవడం మెలాంతస్‌కు వింతగా తోచి ఒకసారి అడిగాడు.

"మా ఆవిడ్ని పిచ్చికుక్క కరిచిందయ్యా," అన్నాడు పోరిస్. "గిన్నెలో నీళ్లు చూసినా గొంతు పట్టుకుని అరిచేది. అలా పోయింది. ఆ తర్వాత కుక్కను గడప తొక్కనివ్వలేదు. మేకలంటారా, నా కూతురి గొంతు చాలు. తోడేలు కూడా దారి మార్చుకుంటది."

"నీ గొంతేం తక్కువ?" అంది మిర్తో లోపలినుంచి.

తర్వాత వానలు వెనకబట్టాయి. మొదటి ఏడు మొక్కులతో గడిచింది. రెండో ఏడు ద్రాక్షతీగలు ఆకు రాల్చాయి. మూడో ఏడు ఊళ్లో బావుల అడుగున బురద తేలింది. పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అంతకుముందు వేసవిలో ఉత్తరం నుంచి రావాల్సిన చల్లగాలి కూడా రాలేదు. కొండమీద పోరిస్ ఊట మాత్రం సన్నగా పారుతూనే ఉంది. అతను ఎవరినీ కాదనలేదు. ఆడవాళ్లు కుండలు తెచ్చుకుని నింపుకుపోయేవారు.

ఆ కొండ కిందనే సభాపెద్ద అరెతోన్ తోటలు. ఊటను తన తోటలోకి మళ్లించనిమ్మని అతను రెండుసార్లు మనిషిని పంపాడు. "అలా చేస్తే ఊరికి కుండెడు నీళ్లు కూడా దక్కవు బాబూ," అని పోరిస్ ఒప్పుకోలేదు.

ఆ రోజుల్లోనే అరెతోన్ తన ఇంట్లో విందు పెట్టాడు. కరువులో విందేమిటని ఎవరూ అనలేదు. పిలిచినవాళ్లంతా వెళ్లారు. మెలాంతస్‌ను పిలవడం అదే మొదలు. ఉడికిన శనగలు, అత్తిపళ్లు, ఎండుచేప, నీళ్లు తక్కువ కలిపిన ద్రాక్షసారా. మెలాంతస్ మంచి అంగీ వేసుకుని వెళ్లి, అందరూ ఒరిగి తినే పరుపుల్లో చివరిదాని మీద ఒరిగాడు.

"పంతులూ," అన్నాడు అరెతోన్, "ఆకాశం కింద అన్ని ఊళ్లూ ఉండగా ఆ కుక్క మన మీదే ఎందుకు పగబట్టింది? తిన్నందుకు ఒక కథైనా చెప్పు."

మెలాంతస్ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. ఆటికా దేశంలో ఇకారియోస్ అనే రైతు ఉండేవాడు. డయొనైసస్ దేవుడు అతని ఇంట భోంచేసి, ద్రాక్షసారా చేయడం నేర్పి పోయాడు. ఇకారియోస్ సంతోషం పట్టలేక తిత్తులు బండికెత్తి కొండల్లో కాపరులకు పంచాడు. వాళ్లు నీళ్లు కలపకుండా తాగారు. కళ్లు తిరిగాయి, చెట్టు రెండుగా కనబడింది. విషం పెట్టాడనుకుని కర్రలతో కొట్టి చంపి చెట్టు కింద పాతేశారు. అతని కూతురు ఎరిగొనె ఊరూరా వెతికింది. ఇంటి కుక్క మైరా కొంగు పట్టి లాక్కొచ్చి ఆ చెట్టు కింద గోళ్లతో తవ్వింది. తండ్రిని చూసుకుని పిల్ల అదే కొమ్మకు ఉరేసుకుంది. కుక్క అక్కడినుంచి కదలక చచ్చిపోయింది. దేవుడు ముగ్గురినీ ఆకాశానికెత్తాడు. తండ్రి బండివాడనే చుక్కల గుంపయ్యాడు, కూతురు కన్యారాశి అయింది, మైరా కుక్క నక్షత్రమైంది. చంపినవాళ్లు పారిపోయి వచ్చింది మన ద్వీపానికే. అందుకే ఆ కుక్క మనల్ని కాల్చింది. వాళ్లను పట్టి చంపాకగానీ చల్లగాలి వీచలేదు.

అతను ఆపేసరికి ఒకడు ఆవులించాడు. ఇంకొకడు అత్తిపండు తొడిమ ఊసి, "ఇదంతా మా దాది చెప్పింది," అన్నాడు.

"మీ దాది అలెగ్జాండ్రియాలో చదివిందేమో," అన్నాడు అరెతోన్. అందరూ నవ్వారు.

మెలాంతస్ ముఖం కందిపోయింది. గిన్నె కింద పెట్టాడు.

"మీ దాదికి తెలియనిది ఒకటుంది," అన్నాడు. "అందరూ చావలేదు. వాళ్లలో ఒకణ్ణి మైరా పిక్క పట్టుకుని కరిచింది. వాడు కుంటుకుంటూ మన కొండల్లోకి పోయి మేకలవాళ్లలో కలిసిపోయాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. ఆ వంశంలో ఈనాటికీ ఎవరూ కుక్కను పెంచరు. మొరుగు వినబడితే వాళ్లకు ఒళ్లు చల్లబడుతుంది."

ఎవరూ నవ్వలేదు. ఒకడు లేచి కూర్చున్నాడు. "ఇది ఎక్కడుంది?" అని అడిగాడు అరెతోన్, మొదటిసారి వెటకారం లేకుండా.

"పాత గ్రంథం. చుట్టలో పై భాగం చిరిగిపోయింది. రాసినవాడెవరో తెలియదు."

అలాంటి గ్రంథమేదీ లేదు. ఆ ముక్క అతని నోటికి అప్పటికప్పుడు వచ్చింది. వచ్చినందుకు అతనికి హాయిగా ఉంది. ఇంటికి వెళ్లేదాకా మళ్లీ మళ్లీ తలుచుకున్నాడు. ఫనో మగ్గం దగ్గరే ఉంది. ఆమెకు జరిగినదంతా చెప్పాడు.

ఆమె నూలు వదిలి అతని వైపు తిరిగింది. "కుక్కలేని మేకలవాళ్లను ఎక్కడ చూశావు నువ్వు?"

"కథకి ఎక్కడేమిటి?"

"పోరిస్ ఇంట్లో గదూ చూసింది?"

మెలాంతస్ చెప్పు విప్పుతూ ఆగిపోయాడు. "వాళ్లకది తట్టదులే," అన్నాడు.

"నీళ్లున్నది ఆ ఒక్కడి దగ్గరే. తట్టదా? రేపు పొద్దున్నే వెళ్లి కల్పించానని చెప్పేసి రా. నవ్వితే నవ్వనీ."

అతను వెళ్లలేదు. ఆ పొద్దున వీధిలో ఇద్దరు పెద్దమనుషులు అతన్ని ఆపి, పేరు పెట్టి పలకరించి, ఆ కథ ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాడు. పక్కరోజు చెప్పులు కుట్టేవాడు అడిగాడు. అతనికీ చెప్పాడు. అడగడమే చాలు, అతని గొంతు లేచేది. ఆ వారం గడవకముందే కథ అతన్ని దాటి పోయింది. అరెతోన్ మనుషులు కొండెక్కి పోరిస్‌ను, మిర్తోను తాళ్లతో కట్టి సంతవీధిలోకి దించారు.

సభకు ఊరంతా వచ్చింది. బావుల్లో నీళ్లు పోయాక అంత జనం ఒకచోట చేరడం అదే మొదటిసారి. అరెతోన్ స్వయంగా అడిగాడు.

"నీ గుడిసెలో కుక్క ఎందుకు లేదు?"

"మా ఆవిడ్ని పిచ్చికుక్క కరిచింది బాబూ. మీ అందరికీ తెలుసుగా."

"చూశారా," అన్నాడు అరెతోన్ జనం వైపు తిరిగి. "ఆ కుక్క ఇంకా ఆ వంశాన్ని వదల్లేదు."

జనంలో సణుగుడు మొదలైంది. మరుసటి ప్రశ్న: "మీ తాత కుంటేవాడా?"

"ముసలితనంలో కుంటేవాడు. ముసలాళ్లు కుంటరా మరి? మీ నాయన కూడా కుంటుతాడు గదా."

కొందరికి నవ్వొచ్చింది. అరెతోన్‌కు రాలేదు. అతను మెలాంతస్‌ను పిలిచాడు. మెలాంతస్ అందరి మధ్యకూ వచ్చి నిలబడ్డాడు. పోరిస్ అతన్ని చూడగానే తేలికపడ్డట్టు కనిపించాడు.

"అయ్యా, మీరు చెప్పండి వీళ్లకు. మా ఆవిడ సంగతి మీకు తెలుసుగా."

"కథలో ఏముందో అది చెప్పు," అన్నాడు అరెతోన్. "ఆ వంశం కుక్కను పెంచదని ఉందా లేదా?"

మెలాంతస్ జనాన్ని చూశాడు. అతని ప్రతి మాటకూ తలూపిన ముఖాలే అవన్నీ. ఇప్పుడు అబద్ధమన్నాడంటే జన్మంతా వాళ్ల నోళ్లలో నానాలి. మహా అయితే ఊటను లాక్కుని, మేకలు కొన్ని తీసుకుని వదిలేస్తారు, అనుకున్నాడు.

"కొందరు అలా చెబుతారు," అన్నాడు.

"గట్టిగా."

"అలా ఉంది."

పోరిస్ నోరు తెరుచుకునే ఉండిపోయింది. మిర్తో మాత్రం మెలాంతస్ కాళ్ల దగ్గర ఉమ్మింది.

తీర్పు అప్పుడే చెప్పారు. కుక్క నక్షత్రం పొడిచే వేకువన, కొండమీద, జనమంతా చూస్తుండగా పోరిస్ విషపు గిన్నె తాగాలి. మా ద్వీపంలో కాడ మీద మచ్చలుండే విషపు మొక్క ఒకటి ఏపుగా పెరుగుతుంది. దాని రసం నొప్పి తెలియకుండా చంపుతుందని పేరు. పూర్వం ముసలివాళ్లు తిండికి భారం కాకూడదని పూలదండలు వేసుకుని మరీ తాగేవారట. పోరిస్ తనంతట తానే తాగితే కూతురి జోలికి రాబోమని అరెతోన్ అందరి ముందూ మాటిచ్చాడు. పోరిస్ సరేనన్నాడు.

ఆ సాయంత్రం మెలాంతస్ అరెతోన్ ఇంటికి వెళ్లాడు. అరెతోన్ ముంగిట్లో కూర్చుని కాళ్లు కడిగించుకుంటున్నాడు.

"ఆ చివరి ముక్క నేను కల్పించాను," అన్నాడు మెలాంతస్. "అలాంటి గ్రంథం లేదు."

"తెలుసు," అన్నాడు అరెతోన్.

మెలాంతస్ తల ఎత్తి చూశాడు.

"గ్రంథమెక్కడిదని అడిగినప్పుడు నీ ముఖం చూశాను పంతులూ. నేను సరుకు కొనీ అమ్మీ ముసలివాణ్ణయినవాణ్ణి." అతను రెండో కాలు పళ్లెంలో పెట్టాడు. "పో, రేపు సభలో చెప్పు. బిడ్డల్ని పాతుకున్నవాళ్లు ఉన్నారక్కడ. దేవుడి కథలో అబద్ధం కలిపి మిమ్మల్ని ఆడించానని వాళ్లతో చెప్పు. రసం ఇంకొక గిన్నెకు కూడా సరిపోతుంది."

"పోరిస్ మీకేం చేశాడు?"

"అతను నీకేం చేశాడు? పాలు పోశాడు. నాకైతే నీళ్లు కూడా ఇవ్వలేదు."

మెలాంతస్ ఇంటికొచ్చి చెబితే ఫనో తలుపు మూసి నిలబడింది. "చెప్పు. చెప్పి చావు. లేదా చెప్పకుండా బతుకు. నా దగ్గరకొచ్చి ఏడవకు," అంది. తర్వాత ఆమే ఏడ్చింది.

వేకువన మగవాళ్లు బల్లేలూ డాళ్లతో కొండెక్కారు. ఈసారి ఆడవాళ్లు కూడా వచ్చారు. పోరిస్‌ను అతని గుడిసె ముందే నిలబెట్టారు. పూజారి గిన్నె పట్టుకొచ్చాడు. అప్పుడు మెలాంతస్ జనాన్ని తోసుకుంటూ మధ్యకు వచ్చి, "ఆగండి," అన్నాడు. మాట అందరికీ వినబడింది. "కుక్క కరిచినవాడు లేడు. వంశం లేదు. మీరు నవ్వారని నేను కల్పించాను. ఈ మనిషికీ కరువుకీ సంబంధం లేదు."

 తర్వాత వెనకనుంచి ఎవరో, "మేకపాలు తాగిన నోరు గదా," అన్నారు. నవ్వులు లేచాయి.

"భయపడ్డాడు," అన్నాడు పూజారి. "చదువుకున్నవాళ్లకు గుండె పలచన."

బట్టలు నేసే ఒకామె, చలికాలంలో కొడుకు పోయినామె, ముందుకొచ్చి మెలాంతస్ అంగీ పట్టుకుంది. "నా పిల్లాడు దాహం దాహం అని పోయాడు పంతులూ. అదీ నువ్వు కల్పించిందేనా?" అని అడిగింది.  ఆమె అంగీ వదల్లేదు. ఇద్దరు కుర్రాళ్లు వచ్చి అతన్ని పక్కకు లాగి, రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు.

పోరిస్ ఇదంతా చూస్తూ ఉన్నాడు. "మొన్న సభలో చెప్పుంటే సరిపోయేదయ్యా," అన్నాడు. కోపంగా అనలేదు. దారి తప్పినవాడికి దారి చెబుతున్నట్టు అన్నాడు. తర్వాత పూజారిని, "చేదుగా ఉంటుందా?" అని అడిగాడు.

"కొంచెం తేనె కలిపాం."

తాగాడు. నడిస్తే త్వరగా పనిచేస్తుందని నడిపించారు. గుడిసె చుట్టూ తిరిగాడు. తిరుగుతూనే ఒక మేక కాలికి చుట్టుకున్న తాడు చూసి వంగబోతే, పూజారి వద్దని బల్లెంకాడతో ఆపాడు. పాదాలు మొద్దుబారాయి, తర్వాత మోకాళ్లు. కూర్చోబెట్టారు. కూతురిని చూస్తానన్నాడు. మిర్తోను కింద ఊళ్లోనే కొట్టంలో పెట్టి తాళం వేశారు. అదిగో వస్తోందని ఎవరో అబద్ధం చెప్పారు. పోరిస్ దారి వైపే చూస్తూ, నాలుక మందమయ్యేదాకా, "ఏదీ, ఏదీ" అంటూ ఉన్నాడు.

తూర్పున సముద్రం మీద చుక్క పొడిచింది. నీలంగా, పదునుగా, కడిగినట్టు ఉంది.

"పలుకు," అన్నాడు అరెతోన్.

మెలాంతస్ పలకలేదు. అతని వెన్నులో బల్లెంకాడతో పొడిచారు. రెండోసారి పొడిచాక, "తేట," అన్నాడు. జనం డాళ్ల మీద బల్లేలతో కొట్టారు. ఆ మోతకు మేకలు చెల్లాచెదురయ్యాయి.

ఆ తర్వాత కొద్దిరోజులకే ఉత్తరపు గాలి వీచింది. ఆ గాలి ఏటా ఆ రోజుల్లోనే వస్తుంది, ఒకటి రెండేళ్లు గాడి తప్పింది, అంతే. ఆ మాట మెలాంతస్ కనబడినవాళ్లందరికీ చెప్పాడు. వాళ్లు అతని భుజం తట్టి, "నీ పుణ్యమే పంతులూ," అన్నారు. విత్తనాలు చల్లేనాటికి మంచి వాన పడింది. సభ అతనికి ఆకుదండ వేసి, పోరిస్ కొండను అతని పేర రాసింది. చుక్కలు చూసుకోవడానికి అనువుగా ఉంటుందన్నారు. ఊటను అరెతోన్ తన తోటలోకి మళ్లించుకున్నాడు.

మిర్తో విషయంలో ఇచ్చిన మాట కూడా అలాగే పోయింది. హంతకుల విత్తనం ద్వీపంలో ఉండకూడదని పూజారి చేత చెప్పించి, ఆమెను ఆటికా వెళ్లే పడవవాడికి అమ్మేశారు. పడవ కదిలే ముందు మెలాంతస్ రేవుకు వెళ్లాడు. వలలు ఆరవేసే కొట్టంలో ఆమెను గుంజకు కట్టేశారు. కాపలావాడు అతనికి దండం పెట్టి లోపలికి పోనిచ్చాడు.

అతను ఏదో అనబోయాడు. మిర్తో అననివ్వలేదు.

"ఆ కథ చెప్పు," అంది. "ఊరంతా విన్నారంట. నేను వినలేదు. మా నాన్న దేనికి పోయాడో నాకు తెలియాలి."

"వద్దు మిర్తో."

"చెప్పు."

అతను నేలమీద కూర్చుని చెప్పాడు. రైతు, తిత్తులు, కాపరులు, చెట్టు. కుక్క కొంగు పట్టి లాగిన దగ్గర ఆగాడు. ఆమె ఎదురుచూసింది. పిల్ల ఉరేసుకున్నదని చెప్పాడు. తను కలిపిన ముక్క కూడా చివర చెప్పాడు.

"ఉరేసుకుందా," అంది మిర్తో. "ఆ చంపినవాళ్లు తిరుగుతూనే ఉంటే, ఇది ఉరేసుకుందా? బుద్ధి లేనిది." తల గుంజకు ఆనించి, "నీ కథలో నాకు నచ్చింది ఆ కుక్క ఒక్కటే. పో ఇంక," అంది.

పెదనాన్నా అనలేదు.

మరుసటి ఏడు కుక్క నక్షత్రం నాటికి ద్వీపంలో కొండ గుడిసెలన్నిటి ముందూ కుక్కలున్నాయి. పిల్లలకు రొట్టె లేనివాళ్లు కూడా ఎక్కడెక్కడినుంచో తెచ్చి కట్టేసుకున్నారు. డొక్కలంటుకుపోయి అవి పగలంతా మొరిగేవి. వేకువకు ముందు అరెతోన్ మెలాంతస్ పక్కకొచ్చి నిలబడ్డాడు. "ఈసారి మసకగా ఉంటే, కాపరులు ఇంకా ఎంతమంది తప్పించుకున్నారో ఆలోచించి పెట్టుకో," అన్నాడు. పడమటి వాలులో ఇద్దరు అన్నదమ్ముల పచ్చిక మీద అతని కన్ను పడిందని ఊరికి తెలుసు.

సముద్రం మీద ఆవిరి దట్టంగా ఉంది. చుక్క ఎర్రగా, వాచిన కన్నులా పొడిచింది.

"తేట," అన్నాడు మెలాంతస్.

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. "మసకగా ఉంది గదా?" అన్నాడొకడు.

"మీకు కనబడేది ఆవిరి. దాని వెనక చుక్క తేటగా ఉంది. చదివినవాణ్ణి నేను. తేట."

పోయినేడు దండ తెచ్చిపెట్టిన నోరు అది. నమ్మారు. ఇంటికెళ్లి సారా తాగారు. అన్నదమ్ములు ఆ రాత్రి తమ ఇంట్లో తాము పడుకున్నారు. అరెతోన్ కూడా ఇంటికి వెళ్లాడు. అతనికి తొందరెప్పుడూ లేదు.

ఆ వేసవి చివర జ్వరాలు వచ్చాయి. మొదట రేవులో, తర్వాత పైఊళ్లో. పసివాళ్లు ఎక్కువమంది పోయారు. చుక్క మసకగానే పొడిచిందనీ, పంతులు హంతకుల కూతురి మీద జాలిపడి మనల్ని మోసం చేశాడనీ అరెతోన్ రెండు ఇళ్లలో అన్నాడు. మూడో ఇంట్లో అనాల్సిన పనిలేకపోయింది.

జనం పట్టపగలే రాళ్లతో వచ్చారు. మెలాంతస్ బయటికొచ్చి, "అవును, అబద్ధం చెప్పాను, నన్ను కొట్టండి," అన్నాడు. అది విన్నది ముందు వరుసవాళ్లే. వెనకవాళ్లు అప్పటికే విసిరేశారు. గుమ్మంలోంచి అతన్ని లోపలికి లాగడానికి వచ్చిన ఫనోకు కణతమీద తగిలింది. ఆమె గుమ్మానికి ఆనుకుని జారిపోయింది. రక్తం చూసి కొందరు రాళ్లు కింద పడేశారు, కొందరు పడేయలేదు. మెలాంతస్‌కు చెయ్యి విరిగింది. పాతిపెట్టడానికి సాయం పట్టినవాళ్లు లేకపోవడంతో, ఆ చేత్తోనే ఫనోను పోరిస్ కొండకు మోసుకుపోయి ఊట ఒకప్పుడు పారిన చోట మెత్తగా ఉన్న మట్టిలో పాతాడు. పక్కరోజు సభ అతన్ని ద్వీపం విడిచిపొమ్మంది.

ఆటికాలో అతను ద్రాక్షతోటల్లో కూలి చేశాడు. విరిగిన చెయ్యి వంకరగా అతుక్కుంది. మిర్తో కోసం అడుగుతూ ఊళ్లు తిరిగాడు. రెండు చలికాలాలు గడిచాక పైరియస్ రేవులో ఒక ఉప్పుచేపల కొట్టం దగ్గర దొరికింది. చేతులు మోచేతులదాకా ఉప్పుతో పగిలి ఉన్నాయి. చంకలో పసిబిడ్డ. ఎవరి బిడ్డని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"మీ యజమానితో మాట్లాడతాను," అన్నాడు. "కూలి కూడబెట్టి నిన్ను విడిపిస్తాను."

"విడిపించి ఎక్కడికి తీసుకెళ్తావు? నీకు ఇల్లుందా?"

"లేదు."

"పెద్దమ్మ ఏది?"

అతను చెప్పాడు.  మిర్తో బిడ్డను ఇంకో చంకకు మార్చుకుంది.

"ఆమె మంచిది," అంది. "నువ్విక్కడికి రాకు. నిన్ను చూస్తే ఆ వేకువ మా నాన్న నా కోసం దారి చూశాడన్నది గుర్తొస్తుంది. పడవవాడు చెప్పాడులే ఆ సంగతి. దారంతా నవ్వుకుంటూ చెప్పాడు."

లోపలినుంచి ఎవరో ఆమెను పేరు కాక ఇంకేదో పెట్టి పిలిచారు. ఆమె వెళ్లింది. మెలాంతస్ ఆ గుమ్మం ముందు పొద్దు వాలేదాకా నిలబడ్డాడు. కొట్టం మూసేవాడు వచ్చి బిచ్చగాడనుకుని ఒక చేపతల చేతిలో పెట్టి, పక్కకు జరగమన్నాడు. అతను జరిగాడు.